పెళ్లయితే డిప్రెషన్ అదే తగ్గుతుందా? ముందు వైద్యం, ఆ తర్వాతే సంబంధాలు

నువ్వు రాసినదంతా నెమ్మదిగా చదివానమ్మా. నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. నీకు 24 ఏళ్లు, తెనాలి దగ్గర పల్లెటూరు, బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేశావు. పని మీద ధ్యాస నిలవక, వచ్చిన మెయిల్ ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కక, ఐదు నెలల కిందట మానేసి ఇంటికొచ్చేశావు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, అన్నం సహించడం లేదు, ఒళ్లు తగ్గిపోయింది, తల దువ్వుకోవాలన్నా పెద్ద పనిలా ఉంటోంది. అక్కడ ఒక డాక్టర్ డిప్రెషన్ అని చెప్పి మందులు రాస్తే పది రోజులు వేసుకున్నావు. ఇంటికొచ్చాక అమ్మ ఆ మందులూ చీటీ రెండూ తీసుకెళ్లి బీరువాలో పెట్టేసింది. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది, ఈ మందుల సంగతి బయటికి పొక్కితే సంబంధాలు రావు" అంది. రెండు పెళ్లిచూపులు అయ్యాయి, ఒకరు కాదన్నారు, ఇంకొకరు ఏ సంగతీ చెప్పలేదు. ఇది జబ్బో బద్ధకమో నీకు తేలడం లేదు, మందులకు అలవాటు పడిపోతానేమోనని భయంగా ఉంది, పెళ్లయితే నిజంగానే తగ్గుతుందా అని అడిగావు.

అన్నిటికీ చెప్తాను. కానీ మధ్యలో ఒక్క వాక్యం రాసి, దాని మీద ఇంకేమీ రాయకుండా వేరే విషయంలోకి వెళ్లిపోయావు. "రాత్రి పడుకుంటే పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది" అని. నేను సైకియాట్రిస్టుని, ప్రభుత్వాసుపత్రి ఓపీలో చాలా ఏళ్లు పనిచేశాను, మిగతా అన్నిటికంటే ముందు దీని గురించే మాట్లాడాలి.

ఆ ఆలోచన వచ్చినందుకు నువ్వు పిరికిదానివి కావు, అమ్మానాన్నల మీద ప్రేమ లేనిదానివీ కావు. ఆకలి తగ్గడం, నిద్ర చెదరడం ఎలాగో ఇదీ ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి. మేము ఓపీలో పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల కాగితం వాడతాం, గత రెండు వారాల్లో ఎలా ఉన్నావని 9 ప్రశ్నలు, అందులో చివరిది సరిగ్గా ఇదే. కాబట్టి డాక్టర్‌కు చెప్పడానికి సిగ్గుపడకు. ఇప్పుడు నిన్ను నువ్వే సూటిగా అడుగు, లేవకపోతే బాగుండు అన్నంతవరకేనా, లేక ఎలా, ఎప్పుడు అని కూడా మనసులో తిరుగుతోందా? రెండోదే అయితే రేపటిదాకా ఆగొద్దు. అది రాత్రి ఒంటిగంట అయినా సరే పక్క గదిలో ఉన్న మనిషిని లేపు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, 108కి ఫోన్ చేసినా సరే. మొదటిదే అయినా, హాని చేసుకోవడానికి పనికొచ్చేవి ఏవైనా ఇంట్లో నీ చేతికి అందేలా ఉంటే వాటిని అమ్మకో అన్నయ్యకో ఇచ్చి తాళం వేయించు. ఆ ఆలోచన బలంగా వచ్చే ఘడియలు ఎప్పుడూ ఒకేలా ఉండవు, వస్తాయి, పోతాయి, ఆ కాసేపు గట్టెక్కడమే ముఖ్యం. 14416 అని మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్లతో మాట్లాడే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు ఉంది, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్లో వేరే పేరుతో సేవ్ చేసుకున్నా పర్వాలేదు, కానీ ఇప్పుడే సేవ్ చేసుకో.

ఇక జబ్బా, బద్ధకమా అన్నది. బద్ధకం ఉన్నవాళ్లకు పని తప్పించుకుంటే హాయిగా ఉంటుంది. పడుకుంటే సుఖంగా ఉంటుంది, నచ్చిన సినిమా పెడితే లేచి కూర్చుంటారు, బిర్యానీ వచ్చిందంటే ఆకలేస్తుంది. నువ్వు పడుకున్నా నీకు ఆ సుఖం లేదు. నీకిష్టమైన పాటలు వినడం కూడా మానేశానని రాశావు, ఇంతకుముందు ఎదురుచూసిన చెల్లెలి ఫోన్ ఇప్పుడు మోగితే ఎత్తబుద్ధి కావడం లేదని రాశావు. తెల్లవారకముందే మెలకువ రావడం, ఆ పొద్దున్నే గుండె బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడటం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, అన్నిటికీ నాదే తప్పు అనిపించడం, ఇవన్నీ రెండు వారాలకు మించి రోజూ ఉంటే దాన్ని బద్ధకం అనరమ్మా. రాసినదాన్ని బట్టి నాకు ఇది చిన్నపాటి దశ దాటిందనే అనిపిస్తోంది, నిన్ను ఎదురుగా చూసిన డాక్టరే ఖాయం చేయాలనుకో.

ఒక మాట, రక్తపరీక్ష చేయించావో లేదో రాయలేదు. థైరాయిడ్ తగ్గినా నీరసం, దిగులు, మతిమరుపు ఇలాగే వస్తాయి. రక్తం తక్కువున్నా మనిషి లేవలేదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందుకని థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, రక్తం కోసం హిమోగ్లోబిన్, విటమిన్ బీ12 పరీక్షలు చేయించుకో. కానీ హిమోగ్లోబిన్ 9 అని వస్తే "అదిగో రక్తం తక్కువ, అంతే, మనసుకేం లేదు" అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుని టానిక్‌తో సరిపెట్టేస్తారు, ఆ పొరపాటు జరగనివ్వకు. రెండూ కలిసి ఉండొచ్చు, రెండింటికీ వైద్యం కావాలి. మన దగ్గర ఆడవాళ్లు మా ఓపీకి వచ్చేసరికే చాలా తిరిగొస్తారు. నడుం నొప్పి, తలనొప్పి, గ్యాస్, కళ్లు తిరగడం అని ఆర్ఎంపీ దగ్గర సెలైన్లు ఎక్కించుకుని, స్కానింగులు చేయించుకుని, అన్నీ నార్మల్ అని తేలాక "నటిస్తోంది" అనిపించుకుని, ఆఖర్న వస్తారు. మనసు బాగోలేదంటే వినేవాళ్లు లేనప్పుడు మనిషి తన బాధను ఒంటి బాధగానే చెప్పుకుంటుంది మరి.

ఇప్పుడు నీ ఇంటి సంగతి. నువ్వు రాసిందాంట్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏంటంటే, మొదటి రెండు నెలలు మీ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదన్నావు, పైగా మీ పిన్ని "హైదరాబాద్ వెళ్లొచ్చాక పిల్లకి ఎంత అణకువ వచ్చిందో" అని మెచ్చుకుందన్నావు. ఇది నేను ఎన్ని ఇళ్లలో చూశానో. మన ఇళ్లలో డిప్రెషన్ వచ్చిన ఆడపిల్ల కొన్నాళ్లు మంచి పిల్లలాగే కనిపిస్తుంది. మాట్లాడదు, ఎదురుచెప్పదు, ఏదీ అడగదు, స్నేహితుల దగ్గరికి వెళ్లదు, ఫోన్ పట్టుకోదు, తక్కువ తింటుంది, గదిలోంచి బయటికి రాదు. ఆడపిల్ల ఎలా ఉండాలని మనం చిన్నప్పటినుంచీ చెప్తామో అచ్చం అలాగే ఉంటుంది. అదే మగపిల్లాడు ఉద్యోగం మానేసి వచ్చి గోడకేసి తిరిగి పడుకుంటే మూడో రోజుకే ఇంట్లో కంగారు మొదలవుతుంది, "వాడికేదో అయింది" అంటారు. ఆడపిల్లకేదో అయిందని ఎప్పుడు తెలుస్తుందంటే, ఇంట్లో పని ఆగినప్పుడు. నువ్వు అంట్లు తోమడం మానేసిన రోజు, బంధువులు వస్తే లేచి కాఫీ పెట్టని రోజు అందరికీ కనిపించింది. అప్పుడు కూడా జబ్బులా కనిపించలేదు, పొగరులా కనిపించింది. ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు దానికే పెడుతుంటే, చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలని లెక్క తేలింది. ఆ అయిదు గంటల పని నడుస్తున్నంతసేపూ లోపల మనిషి ఎలా ఉందో అడగాల్సిన అవసరం ఎవరికీ రాదు.

అందుకే "ఏం తక్కువైంది నీకు?" అని మీ నాన్న అడిగినప్పుడు జవాబు చెప్పలేకపోయానని నువ్వు కుమిలిపోవద్దు. ఏదో తక్కువైతేనే వచ్చేది కాదిది. కొంత పుట్టుకతో వచ్చిన తీరు, కొంత నైట్ షిఫ్టుల్లో చెడిపోయిన నిద్ర, కొంత ఊరుకాని ఊళ్లో ఒంటరితనం, ఇంటికొచ్చాక మళ్లీ ఈ సంబంధాల ఒత్తిడి, అన్నీ కలిసి మీద పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం మగవాళ్ల కంటే ఆడవాళ్లలో డిప్రెషన్ దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. హార్మోన్లు కొంత కారణమే, కానీ మిగతాదంతా హార్మోన్ల నెత్తిన వేసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. ఒక పిల్ల తన చదువు, జీతం, రంగు, బరువు, నవ్వు అన్నీ బయోడేటాలో వేసి పదిమంది ముందు కూర్చోవాల్సి వస్తే, ఆ ఒత్తిడి ఆమె మనసు మీద పడకుండా ఎక్కడికి పోతుంది?

ఆ మొదటి పెళ్లిచూపుల గురించి రాశావు కదా. కళ్లకింద నలుపు కనపడకుండా అమ్మ పౌడర్ రాసింది, అబ్బాయి మేనత్త "అమ్మాయి అంత ముభావంగా ఉందేం" అని అడిగింది, వాళ్లు వెళ్లగానే "కాసేపు నవ్వు ముఖం పెట్టడం కూడా చేతకాదా" అని అమ్మ అరిచింది. నువ్వేమో, నిజంగానే నాకు నవ్వడం కూడా రాలేదు, నేను దేనికీ పనికిరాను అని రాసుకున్నావు. డిప్రెషన్‌లో మాట నెమ్మదిస్తుంది, అడిగినదానికి జవాబు రావడానికి రెండు మూడు క్షణాలు ఎక్కువ పడుతుంది, ముఖంలో కదలిక తగ్గిపోతుంది. మేము మనిషి గదిలోకి వస్తున్నప్పుడే ఇవి చూస్తాం, ఇవి కూడా రోగ లక్షణాలే. జ్వరంతో ఉన్న పిల్లను ఎండలో పరిగెత్తించి, ఓడిపోయిందని తిట్టినట్టుంది ఇది. ఆ రోజు వాళ్లు చూసి వద్దనుకుంది నీ జబ్బును. నిన్ను వాళ్లు చూడనేలేదు.

పెళ్లయితే తగ్గుతుందా అంటే, తగ్గదు. ఈ మాట నేను మెత్తగా చెప్పదలచుకోలేదు. పెళ్లిలో ఏం జరుగుతుందో ఆలోచించు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, పొద్దున అందరికంటే ముందు లేవాలి, రాత్రి నిద్ర నీ చేతిలో ఉండదు, అందరి ముందూ నవ్వుతూ ఉండాలి. ఈ జబ్బులో భార్యాభర్తల సుఖం మీద ఆసక్తి కూడా తగ్గిపోతుంది, ఆ సంగతి తెలియని కుర్రాడు నేనంటే ఇష్టం లేదేమో అనుకుంటాడు. ఏడాది తిరక్కుండానే "విశేషమా?" అని అడగడం మొదలుపెడతారు. బాగున్న మనిషికే అదంతా కష్టం. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి, వైద్యం మొదలై బాగా తేరుకుంటున్న దశలో సంబంధం కుదిరి, అత్తవారింటికి వెళ్తూ మాత్రలు స్ట్రిప్పులోంచి తీసి విటమిన్ డబ్బాలో పోసుకుని వెళ్లింది. ఆ డబ్బా వంటింట్లో పెట్టడానికి లేదు, పడకగదిలో పెట్టడానికి లేదు, హ్యాండ్‌బ్యాగు అడుగున పెట్టుకునేది. అందరూ ఉన్న ఇంట్లో బ్యాగు తెరిచి మాత్ర వేసుకోవడానికి వీలు దొరక్క ఒకరోజు వేసుకుని రెండు రోజులు మానేసి, చివరికి పూర్తిగా ఆపేసింది. ఒక్కసారిగా ఆపేసరికి తల తిప్పడం, చిరాకు, నిద్ర లేకపోవడం మొదలయ్యాయి, కొన్ని నెలలకే జబ్బు మొత్తం తిరగబెట్టింది. అత్తగారు "కొత్త కోడలికి దిష్టి తగిలింది" అంది, పుట్టింటివాళ్లు తెలిసి కూడా నోరు విప్పలేదు. ఆ ఇంట్లో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఆ అమ్మాయి భర్త తర్వాత నా ఎదురుగా కూర్చుని, "నాకు ముందే చెప్తే నేనే రోజూ మాత్ర గుర్తుచేసేవాణ్ని కదండీ" అన్నాడు.

2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్లలో సగానికి పైగా గృహిణులేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. 45 వేల మందిలో 23 వేల మంది. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు, మీ అమ్మ "మూడు ముళ్లు పడితే అన్నీ సర్దుకుంటాయి" అన్నప్పుడు నేను ఎందుకు ఒప్పుకోలేకపోతున్నానో చెప్పడానికి రాస్తున్నాను. పెళ్లి మీద నాకు కోపం లేదు, బాగయ్యాక చక్కగా చేసుకో, లేదా నీకు ఇష్టమైనప్పుడు చేసుకో. కానీ పెళ్లిని మందులా వాడకూడదు. ఇంత ముఖ్యమైన నిర్ణయం ఈ స్థితిలో తీసుకోకూడదు కూడా, ఎందుకంటే ఇప్పుడు నీకు ప్రతిదీ "ఏదైనా ఒకటే" అనిపిస్తుంది, ఎవరికైనా సరేనంటావు. ఆ "సరే" నీది కాదు.

మందుల గురించి. నీకు రాసినది ఎస్‌సిటాలోప్రామ్ అన్నావు. ఇది, సెర్ట్రాలిన్, ఫ్లూఓక్సెటిన్, ఇవన్నీ ఒకే రకం, చాలా ఏళ్లుగా వాడుతున్నవి. ఇవి మత్తుమందులు కావు, రోజురోజుకీ డోసు పెంచుకుంటూ పోవాలనిపించవు. అలవాటు పడేవి వేరే ఉన్నాయి, ఆల్ప్రాజోలం లాంటి నిద్రకూ టెన్షన్‌కూ ఇచ్చే మాత్రలు, వాటిని డాక్టర్ కొద్ది రోజులకు రాస్తే వేసుకోవాలే తప్ప మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకూడదు. మీ ఇంట్లోవాళ్లు రెండింటినీ ఒకటే అనుకుని భయపడుతున్నారు. నీ మందుకు మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, కాస్త విరేచనాలు, లోపల ఒకరకమైన గాభరా ఉండొచ్చు. గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నువ్వు పది రోజులు వేసుకుని "ఏం పనిచేయలేదు, కడుపులో తిప్పింది" అన్నావు కదా, పది రోజుల్లో తెలిసేది సరిగ్గా ఆ కడుపులో తిప్పడమే. బాగయ్యాక కూడా కనీసం 6 నుంచి 9 నెలలు కొనసాగించి, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇంకో ముఖ్యమైన విషయం, 25 ఏళ్ల లోపు వాళ్లలో కొందరికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో చనిపోవాలనే ఆలోచన పెరిగే అవకాశం ఉంది. అందుకే ఆ వారాల్లో ఇంట్లో ఒకరికి నీ సంగతి తెలిసి ఉండాలి, దొంగచాటుగా మొదలుపెట్టకు. ఎప్పుడైనా నిద్రే అక్కర్లేకుండా విపరీతమైన హుషారుతో, ఆగకుండా మాట్లాడుతూ, డబ్బులు ఖర్చుపెడుతూ రోజుల తరబడి ఉన్నావా, మీ ఇంట్లో ఎవరికైనా అలా ఉండేదా అని కూడా గుర్తు చేసుకుని డాక్టర్‌కు చెప్పు, అలా ఉంటే ఇచ్చే మందే మారిపోతుంది.

మందుతోపాటు మాట్లాడి చేసే వైద్యం కూడా కావాలి. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, అది అడగడానికి మొహమాటపడకు, కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లకీ అది ఉండదు. "పాజిటివ్‌గా ఆలోచించండి, యోగా చేయండి" అని పంపించేస్తే వేరేవాళ్ల దగ్గరికి వెళ్లు. సరైనవాళ్లు నీ రోజు ఎలా గడుస్తుందో గంట గంటకీ అడుగుతారు, అందులో ఏ చిన్న పని మళ్లీ మొదలుపెట్టొచ్చో నీతో కలిసి చూస్తారు. అదీ బుద్ధి పుట్టినప్పుడు కాదు, బుద్ధి పుట్టకపోయినా చేయాలి. ఈ జబ్బులో ముందు ఉత్సాహం వచ్చి తర్వాత పని జరగదు, పని మొదలయ్యాకే ఉత్సాహం కొద్దిగా వస్తుంది. నువ్వు ప్రస్తుతానికి రెండే పెట్టుకో, ఎంత నిద్ర పట్టకపోయినా ఒకే టైముకి మంచం దిగడం, ఎండెక్కకముందే కాలవ గట్టు మీద కాసేపు నడవడం. పూర్తిగా నడవలేకపోతే గేటు దాకా వెళ్లి రా, ఆ రోజుకి అదే చాలు.

అమ్మ గురించి నీకు చాలా కోపం ఉంది. ఉండటంలో తప్పులేదు. కానీ ఆమె చీటీ చించెయ్యలేదు, బీరువాలో పెట్టిందని రాశావు, నేను దాన్ని చిన్న విషయంగా చూడను. ఆమెకు భయం. నీ పెళ్లి కాకపోతే 28 ఏళ్ల మీ అన్నయ్య పెళ్లి ఆగిపోతుంది, ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు, రేపు నీకేదన్నా అయితే "తల్లి చూసుకోలేదు" అని ఆమెనే అంటారు. నాన్నను అనరు. ఆడపిల్ల మీద మోపే బరువులో సగం తల్లి చేత మోయిస్తారు మన ఊళ్లలో. అందుకని ఆమెతో "నువ్వే నా జీవితం నాశనం చేశావు" అని మొదలుపెట్టకు, అప్పుడు ఇద్దరూ ఏడుస్తారు, విషయం అక్కడే ఆగిపోతుంది. మధ్యాహ్నం పనయ్యాక ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, "అమ్మా, నాకు బతకాలని అనిపించడం లేదు, నాకు భయంగా ఉంది, నాతో ఆసుపత్రికి రా, ఆ మాత్రలు నీ దగ్గరే పెట్టుకుని రోజూ నువ్వే ఇవ్వు" అను. ఈ మాట నేరుగా చెప్పు, చుట్టూ తిప్పి చెప్పకు. దాచిపెట్టిన మనిషికే ఆ మందు చేతితో ఇచ్చే పని అప్పజెప్తే చాలాసార్లు మారిపోతారు. గుడికి తీసుకెళ్తానంటే వెళ్లు, దిష్టి తీస్తానంటే తీయనివ్వు, వాటి మీద గొడవపడి ఓపిక పోగొట్టుకోకు. మందు మానేయమనే బాబాల దగ్గరికి, కొట్టి దెయ్యం వదిలిస్తామనే వాళ్ల దగ్గరికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లొద్దు. అమ్మ వినకపోతే అన్నయ్యకు చెప్పు, అతనికి ఇప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. ఎవరూ వినకపోయినా నువ్వు మేజర్‌వి, వైద్యం నీ అంతట నువ్వే చేయించుకోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచడం నీ హక్కు, డాక్టర్ ఊళ్లోవాళ్లకో, పెళ్లివాళ్లకో చెప్పడానికి వీల్లేదు.

పెళ్లివాళ్లకు చెప్పాలా వద్దా అని నువ్వు అడగలేదు, కానీ అడగాల్సింది అదే. బాగయ్యాక సంబంధం కుదిరే దశలో, నిశ్చితార్థానికి ముందు, అబ్బాయికి నువ్వే చెప్పాలి. మధ్యవర్తికి కాదు, మేనత్తకు కాదు. మొదటి పరిచయంలోనే చెప్పక్కర్లేదు, ఇద్దరూ ముందుకు వెళ్దామనుకున్నాక చెప్పు. "నాకు డిప్రెషన్ వచ్చింది, వైద్యం చేయించుకున్నాను, ఇప్పుడు బాగున్నాను, మందు ఇంకా ఇన్నాళ్లు వాడాలి, కావాలంటే మా డాక్టర్‌తో మాట్లాడండి" అంటే సరిపోతుంది. కాదంటే పోనీ. వైద్యంతో తగ్గిన డిప్రెషన్ పెళ్లికి అడ్డంకి అని చట్టం కూడా అనదు, హిందూ వివాహ చట్టం చెప్పేది పెళ్లికీ సంతానానికీ పనికిరానంత తీవ్రమైన మానసిక వ్యాధి గురించి. కానీ దాచి చేసిన పెళ్లిలో రేపు గొడవ వచ్చినప్పుడు "మోసం చేశారు" అనే మాట పట్టుకుని కోర్టుకెక్కినవాళ్లను చూశాను. పిల్లల సంగతి కూడా ఉంది, గర్భం అనుకునే ముందే సైకియాట్రిస్టుకు చెప్తే ఏ మందు ఉంచాలో ఏది మార్చాలో చూస్తారు, ఒకసారి డిప్రెషన్ వచ్చినవాళ్లకు కాన్పు తర్వాత మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండటం నీ ప్రాణానికి మంచిది.

గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో (జీజీహెచ్) మానసిక వైద్య విభాగం ఉంది, తెనాలి నుంచి పొద్దున్నే బయల్దేరితే ఓపీ అందుతుంది. ప్రైవేటుకు వెళ్లేటట్టయితే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ గానీ డీఎన్‌బీ గానీ డీపీఎం అనే డిప్లొమా గానీ ఉన్నవాళ్లనే చూడు. "పిచ్చాసుపత్రికి వెళ్లింది" అంటారని భయం నీకూ ఉంది, నాకు తెలుసు. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరే మన వాళ్లు తిట్టుగా వాడతారు, కానీ అక్కడికైనా, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రికైనా రోజూ వచ్చేవాళ్లలో చాలామంది నీలాంటివాళ్లే, మందులు తీసుకుని సాయంత్రానికి బస్సెక్కి ఇంటికెళ్లిపోతారు.

వెళ్లేముందు ఒక కాగితం మీద నిద్ర, ఆకలి, బరువు, ఎప్పటినుంచి అన్నది రాసుకో, లోపలికి వెళ్లాక మాట రాకపోతే ఆ కాగితం ఇచ్చేయొచ్చు. ఆ రాత్రి ఆలోచన సంగతి అందులో మొదటి లైనుగా రాయి. హైదరాబాద్ చీటీ, రక్తపరీక్ష రిపోర్టులు పట్టుకెళ్లు. అమ్మ పక్కనుంటే అడిగిన ప్రతిదానికీ ఆవిడే జవాబు చెప్పేస్తుంది, అందుకని "కాసేపు నేను ఒక్కదాన్నే మాట్లాడతాను" అని డాక్టర్‌తో అను, ఇందులో ఏ డాక్టరూ తప్పుపట్టరు. ఆ తర్వాత అమ్మను లోపలికి పిలిపించి, మందు ఎన్నాళ్లు వాడాలో, అది ఎలాంటి మందో ఆయన నోటితోనే చెప్పించు. ఇంకా జవాబు చెప్పని ఆ రెండో సంబంధం వాళ్లు సరేనన్నా సరే, కనీసం ఆరు నెలలు ముహూర్తాల మాట ఎత్తొద్దని కూడా ఆయన చేతే చెప్పించు. నీ నోటితో చెప్తే మొండితనం అనుకునే అమ్మ, అదే మాట డాక్టర్ అంటే నాన్న దగ్గరికి తనే తీసుకెళ్తుంది.